లొంగిపొమ్మంటూ ఆకాశం నుంచి పడ్డ కాగితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధకాలపు కరపత్రాలు పోగేస్తానని తెలిసినవాళ్లు ఇంటికొస్తే నేను ఫైలు తీయకముందే అడగడం మొదలుపెడతారు. పదేళ్లుగా దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక, వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## రాయడానికి కూర్చున్నప్పుడు

కాగితం చూసి ఏ సైనికుడైనా నిజంగా తుపాకీ పడేస్తాడా?

కాగితం ఒక్కదానివల్ల పడేయడు. ఎడ్వర్డ్ షిల్స్, మోరిస్ జానోవిట్జ్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం తీరు మీద 1948లో ఒక పరిశోధన పత్రం వేశారు. జర్మన్ సిపాయి సిద్ధాంతం కోసం పోరాడిన దానికన్నా పక్కనున్న తోటివాళ్ల కోసం పోరాడిందే ఎక్కువని వాళ్లు తేల్చారు. అన్నం అందుతూ, ఆఫీసరు కళ్లెదుట ఉంటూ, జట్టు చెదరకుండా ఉన్నంతకాలం శత్రువు రాతలు అతని తలకెక్కలేదు. జట్టు చెల్లాచెదురై, వెనక్కి దారి మూసుకుపోయి, గుంటలో ఒంటరిగా మిగిలినప్పుడు మాత్రం జేబులో దాచిన కాగితం గుర్తొచ్చేది. అప్పటికే మనసులో సగం తేల్చుకున్నవాడికి అది మూడు సంగతులు చెబుతుంది: ఎటు నడవాలి, చేతులు ఎలా పెట్టాలి, అవతలివాడు కాల్చడని ఏమిటి భరోసా.

ఇలా శత్రువు సైనికులను ఊరించడం యుద్ధ నియమాలకు విరుద్ధం కాదా?

కాదు. 1907 నాటి హేగ్ నిబంధనలు యుద్ధంలో ఎత్తుగడలను ఒప్పుకున్నాయి. ఆయుధం కింద పెట్టి లొంగిపోయినవాణ్ని చంపడాన్నీ, "ఖైదీలుగా ఎవరినీ పట్టుకోం, అందరినీ చంపేస్తాం" అని ప్రకటించడాన్నీ నిషేధించాయి. ఆ లెక్కన "ప్రాణాలతో రా, కాల్చం" అని రాసిన కాగితం చట్టం చెప్పిన మాటనే చెబుతోంది.

అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ దీన్ని నేరంగానే చూసింది. 1917లో కరపత్రాలు వేస్తూ దొరికిన ఇద్దరు బ్రిటిష్ వైమానిక అధికారులను సైనిక కోర్టులో నిలబెట్టి కఠిన శిక్ష వేసింది. బ్రిటన్ గట్టిగా అభ్యంతరం చెప్పాక వాళ్లను మామూలు ఖైదీల శిబిరానికి పంపారు. ఆ భయంతో బ్రిటన్ కొంతకాలం విమానాలు మానేసి, కరపత్రాలను బెలూన్లకు కట్టి గాలికి వదిలింది.

వీటిలో రాసేదంతా అబద్ధాలేనా?

అబద్ధం రాస్తే ఒక్కసారే పనిచేస్తుంది. పక్క ఊరు పడిపోయిందని రాశారనుకోండి. అది పడలేదని ఆ ఊళ్లో ఉన్న సిపాయికి తెలుసు. ఇక మరుసటి రోజు పడే కాగితాన్ని అతను చదవడు. అందుకే అనుభవమున్నవాళ్లు నిజమే రాసేవాళ్లు. కొన్నిసార్లు ఆ నిజాన్ని కూడా తగ్గించి రాయాల్సి వచ్చేది.

మార్టిన్ హెర్జ్ అని, ఐరోపాలో మిత్రపక్షాల మానసిక యుద్ధ విభాగానికి ముఖ్య కరపత్ర రచయిత. యుద్ధం తర్వాత తన అనుభవాలు రాశాడు. అమెరికాలో ఉన్న జర్మన్ ఖైదీలకు పొద్దున్నే టిఫిన్‌లోకి కోడిగుడ్లు పెట్టేవాళ్లట. అది పచ్చి నిజం. కానీ కందకంలో ఎండు రొట్టె నములుతున్నవాడికి అది చెబితే నవ్వుతాడు, మిగతా రాతనూ నమ్మడు. దాంతో గుడ్ల సంగతి పక్కనపెట్టి, మామూలు తిండి, వైద్యం, ఇంటికి ఉత్తరాలు అని పొడిపొడిగా రాశారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం ఇదే.

జర్మన్లకు వేసిన పాస్ మీద అన్ని ముద్రలు, సంతకాలు ఎందుకు?

సర్కారు కాగితంలా ఉంటేనే జర్మన్ సిపాయి నమ్మేవాడు కాబట్టి. "పాసియర్‌షైన్" అంటే దాటి రావడానికి అనుమతి పత్రం. మన మాటల్లో అభయపత్రం అనొచ్చు. వీటిలో బాగా పేరొందింది జెడ్‌జి 61 అనే నంబరుది. పెద్ద బాండు పేపరులా చుట్టూ అల్లిక గీతలు, అమెరికా, బ్రిటన్ రాజముద్రలు, కింద సర్వసేనాని ఐసెన్‌హోవర్ సంతకం. తెచ్చినవాణ్ని నిరాయుధుణ్ని చేయాలనీ, బాగా చూసుకోవాలనీ, తిండి, అవసరమైతే వైద్యం ఇవ్వాలనీ, వీలైనంత త్వరగా ప్రమాద ప్రాంతం నుంచి తప్పించాలనీ జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఇంగ్లీషు ఎందుకంటే దాన్ని చదవాల్సింది కాపలా కాసే అమెరికన్ కుర్రాడు కాబట్టి.

వెనకవైపు యుద్ధఖైదీల హక్కులు వరుసగా వేశారు. బతిమాలడం గానీ బెదిరించడం గానీ ఎక్కడా లేదు. రేషను కార్డు వెనక నిబంధనల్లా చప్పగా ఉంటుంది. ఆ చప్పదనమే దాని బలం.

జపాన్ సైనికులకు వేసిన వాటిలో "లొంగిపో" అన్న మాటే ఉండదంటారు, నిజమేనా?

మొదట్లో ఉండేది. "ఐ సరెండర్" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో అచ్చేశారు. ఫలితం దాదాపు శూన్యం. 1941లో జపాన్ సైన్యానికి ఇచ్చిన "సెంజిన్‌కున్" నియమావళి, ఖైదీగా బతికే సిగ్గు కన్నా చావే మేలని నూరిపోసింది. లొంగిపోయాడని తెలిస్తే ఊళ్లో ఇంటివాళ్లు తలెత్తుకోలేరు. అలాంటివాడి చేతికి "నేను లొంగిపోయాను" అన్న కాగితం ఇస్తే అతను దాన్ని ఎలా పట్టుకుంటాడు?

నైరుతి పసిఫిక్‌లో జనరల్ మెకార్థర్ దగ్గర ఈ విభాగం చూసిన బోనర్ ఫెల్లర్స్ బృందం తర్వాత మాట మార్చింది. "ఐ సీజ్ రెసిస్టెన్స్", అంటే "ప్రతిఘటన ఆపుతున్నాను". పని అదే, పరువు మాత్రం మిగులుతుంది. "ఓడిపోయాను" అనడానికి నోరు రానివాడు కూడా "ఇక చాలు, ఆపేద్దాం" అనగలడు కదా.

బొమ్మలు వేస్తే చదువు రానివాడికీ అర్థమవుతుంది కదా?

ఎవరు గీశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ సైన్యం మీద సుమారు 2 కోట్ల 90 లక్షల కరపత్రాలు వేశారు. కార్టూన్లలో తల మీద మబ్బులా గీసి అందులో ఆలోచన చూపించడం అక్కడివాళ్లకు అలవాటు లేక అర్థం కాలేదట. నున్నగా గడ్డం గీసుకున్న మొహాలకు బదులు గడ్డాలు పెట్టారు. విందు బొమ్మలో పళ్ల బుట్టలోకి అరటిపళ్లు చేర్చారు, అక్కడ అవి అపురూపం కాబట్టి. అరటిపండును అపురూపం అంటే మన కోనసీమలో నవ్వుతారేమో!

1971లో పాకిస్తాన్ సైనికులకు మన సైన్యం ఏం రాసింది?

జనరల్ మానెక్‌షా పేరుతో డిసెంబరులో తూర్పు పాకిస్తాన్ మీద కరపత్రాలు పడ్డాయి. అవే మాటలు ఆకాశవాణిలో కూడా వినిపించారు. సారాంశం ఇది: మిమ్మల్ని చుట్టుముట్టాం, మీ వైమానిక దళం పోయింది, చిట్టగాంగ్, చాల్నా, మంగ్లా రేవులు మూసుకుపోయాయి, సముద్రం మీదుగా మీ దగ్గరికి ఎవరూ రాలేరు. మీరు చేసిన దారుణాలకు ముక్తి బాహినీ (బంగ్లా విముక్తి దళం), జనం పగ తీర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకోవాలని లేదా? సైనికుడికి ఆయుధం అప్పగించడంలో అవమానం లేదు, సైనికుడికి తగ్గ మర్యాద ఇస్తాం.

ఈ కూర్పు చాలా తెలివైనది. జనం చేతిలో పడతావా, నాలాంటి సైనికుడి చేతిలో పడతావా అని ఎంచుకోమంటోంది. రేవులు మూసేశామన్నది కూడా గొప్పలు కాదు. విక్రాంత్ నుంచి లేచిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్‌బజార్‌లను కొడుతున్నాయి. ఆ విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చిన ఘాజీ జలాంతర్గామి డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రే విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. బీచ్ రోడ్డులో యుద్ధ విజయ స్మారకం ముందు ఫొటోలు దిగేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. కరపత్రంలో ఆ ఒక్క వాక్యం నిజం కావడానికి వెనక ఎంత జరిగిందో చూడండి.

## కింద పడేదాకా

విమానం నుంచి గుప్పిళ్లతో విసిరేవాళ్లా?

మొదట్లో దాదాపు అంతే. యుద్ధం ప్రకటించిన రోజు, 1939 సెప్టెంబరు 3 రాత్రే బ్రిటిష్ విట్లీ విమానాలు జర్మనీ మీద లక్షల కాగితాలు కుమ్మరించాయి. ఈ పనికి వాళ్ల సంకేతనామం "నికెల్". కట్టలు విప్పి పైనుంచి తోసేవాళ్లు.

చిక్కంతా గాలితోనే. చిన్న కాగితం సెకనుకు రెండు మూడు అడుగుల చొప్పున దిగుతుంది. వెయ్యి అడుగుల నుంచి వదిలితే నేలకు రావడానికి ఆరేడు నిమిషాలు. ఈలోగా గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే రెండు కిలోమీటర్లు పక్కకు పోతుంది. అదే ఇరవై వేల అడుగుల నుంచి వదిలితే ఇంకో జిల్లాలో పడినట్టే. జేమ్స్ మన్రో అనే అమెరికన్ కెప్టెన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. గట్టి కాగితపు గొట్టంలో 80 వేల కరపత్రాలు కూరి బాంబులా వదిలితే, నేలకు వెయ్యి నుంచి రెండు వేల అడుగుల ఎత్తులో అది పగిలి కాగితాలను చల్లుతుంది. దీన్ని మన్రో బాంబు అన్నారు.

విమానం లేకపోతే?

ఫిరంగులు వాడేవాళ్లు. పొగ గుండ్లను ఖాళీ చేసి, వాటిలో కరపత్రాలను చుట్టలుగా కూరి పేల్చేవాళ్లు. ఎదురుగా కొద్ది దూరంలో ఉన్న ఒక్క కంపెనీకే మాట చేరాలంటే విమానం కన్నా ఇదే నయం. పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది.

## చేతికి చిక్కాక

ఆ కాగితం దగ్గర దొరికితే సొంత సైన్యమే శిక్షించేదా?

శిక్షించేది. జర్మన్ సైన్యంలో శత్రువు కరపత్రం దొరికితే వెంటనే పైవాళ్లకు అప్పగించాలి. దాచుకుంటే పారిపోయే ఉద్దేశం ఉన్నట్టే లెక్క. స్టాలిన్ 1941 ఆగస్టులో ఇచ్చిన 270వ నంబరు ఆదేశం లొంగిపోయిన ఆఫీసర్లను ద్రోహులుగా ప్రకటించి, వాళ్ల కుటుంబాల అరెస్టుకూ దారి తెరిచింది. ఇంత భయం ఉన్నా పట్టుబడ్డ ఖైదీల బట్టల్లో ఈ కాగితాలు తరచుగా కనిపించేవి. చదివి పారేసినవాడి సంగతి వేరు. శిక్ష పడుతుందని తెలిసీ మడిచి దాచుకున్నవాడు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుందని అనుకున్నట్టే.

అమ్మాయిల బొమ్మలతో కూడా కరపత్రాలు వేశారట?

వేశారు. జర్మన్లు అమెరికన్ల మీద వేసినవాటిలో "నువ్వు ఇక్కడ చస్తుంటే అక్కడ నీ ప్రియురాలు వేరేవాడితో" అన్న తరహావి చాలా ఉన్నాయి. ఇటలీలో ఆంజియో తీరం దగ్గరైతే అక్కడి మ్యాపునే పుర్రె ఆకారంలో గీసి వేశారు. అమ్మాయిల బొమ్మలు అబ్బాయిలకు తెగ నచ్చాయి. ఏరుకుని పోగేసుకున్నారు, మార్పిడి చేసుకున్నారు. లొంగిపోవడం గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

చదివి వాళ్లు ఏం చేసేవాళ్లు?

చాలామంది వేరే అవసరాలకు వాడేశారు. అయిదేళ్లపాటు ఖండం మొత్తానికీ టాయిలెట్ పేపరు సరఫరా చేయడం తప్ప మనం సాధించింది పెద్దగా లేదని బ్రిటిష్ బాంబర్ల అధిపతి ఆర్థర్ హారిస్ ఎద్దేవా చేశాడు. బాంబులు వేసేవాడికి కాగితాలు మోయడం నామోషీ అనిపించడంలో వింతేమీ లేదు లెండి.

## చేతులెత్తి వచ్చేటప్పుడు

పాస్ చేతిలో లేకుండా లొంగిపోతే చెల్లేది కాదా?

చెల్లేది. లొంగిపోయినవాడి రక్షణ అంతర్జాతీయ చట్టం నుంచి వస్తుంది, కాగితం నుంచి కాదు. ఆయుధం వదిలి చేతులెత్తితే చాలు. కాగితం ధైర్యం కోసం, దాంతోపాటు భాష కోసం. మాట రాని చోట అదే మాట్లాడుతుంది. ఇంగ్లీషు రాని జర్మన్లకు "ఐ సరెండర్" ఎలా పలకాలో జర్మన్ అక్షరాల్లో రాసిచ్చిన కరపత్రాలు కూడా ఉన్నాయి. మనం తమిళనాడు వెళ్తూ "ఎంగే", "ఎవ్వళవు" అని తెలుగులో రాసుకుంటామే, అలా.

చేతులెత్తినవాణ్ని అవతలివాళ్లు కాల్చేస్తే?

కాల్చారు. పసిఫిక్‌లో ఇదే పెద్ద సమస్య. లొంగిపోతున్నట్టు నటించి గ్రెనేడు విసిరిన ఘటనలు, వాటి మీద పుట్టిన పుకార్లు, పేరుకుపోయిన కసి అన్నీ కలిసి, ఖైదీలుగా పట్టుకోవాలన్న ఆసక్తే చాలామంది అమెరికన్ సైనికుల్లో లేకుండా పోయింది. అడవిలో దాక్కుని చూస్తున్న జపనీయుడికి ఆకాశం నుంచి పడ్డ అభయం కన్నా ముందే వెళ్లినవాడికి ఏమైందన్నదే సాక్ష్యం. అందుకని కరపత్రాలవాళ్లు సొంత సైన్యం చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఖైదీని ప్రాణాలతో తెస్తే శత్రువు రహస్యాలు తెలుస్తాయి, మన ప్రాణాలు మిగులుతాయి అని పాఠాలు చెప్పారు. ఖైదీని తెచ్చినవాడికి ఐస్‌క్రీమ్, సెలవు అని ఆశ పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. శత్రువును ఒప్పించడం కన్నా సొంతవాళ్లను ఒప్పించడమే కష్టమైంది.

డబ్బు ఇస్తామంటే వచ్చేవాళ్లా?

కొరియా యుద్ధంలో అమెరికన్లు ప్రయత్నించారు. మిగ్-15 విమానంతో వస్తే 50 వేల డాలర్లు, మొదట వచ్చినవాడికి అదనంగా మరో 50 వేలు అని 1953లో కరపత్రాలు వేశారు. 1953 సెప్టెంబరు 21న ఉత్తర కొరియా పైలట్ నో కుమ్-సోక్ తన మిగ్‌ను దక్షిణ కొరియాలోని కింపో స్థావరంలో దించాడు. తీరా అడిగితే అతనికి ఆ బహుమతి సంగతే తెలియదు. స్వేచ్ఛ కోసం వచ్చాడు. డబ్బు మాత్రం ముట్టింది.

## తర్వాత ఏమైంది

1971లో 93 వేల మంది లొంగిపోయింది కరపత్రాల వల్లేనా?

కాదు. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ సేనాని జనరల్ నియాజీ, మన జనరల్ అరోరా ముందు సంతకం చేశాడు. ఆయన ఆదేశం మీద సైన్యం ఒక్కసారిగా ఆయుధాలు దించింది. సిపాయిలు ఒక్కొక్కరుగా కాగితం పట్టుకుని రాలేదు. 93 వేల లెక్కలో సైనికులతోపాటు పౌర ఉద్యోగులు, కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారు. అంతకు అయిదు రోజుల ముందు టంగాయిల్‌లో మన పారాట్రూపర్లు దిగడం, 14న ఢాకా గవర్నర్ భవనం మీద మన విమానాలు దాడి చేయడం అసలు ఒత్తిడి తెచ్చాయి. ఆ పైన ఆగడానికి గౌరవమైన దారి ఒకటుందని రేడియో, కరపత్రాలు రోజూ గుర్తు చేశాయి.

లొంగిపొమ్మని రాస్తే జవాబు రాసినవాళ్లు ఉన్నారా?

నాకు తెలిసినవాటిలో గొప్ప జవాబు తూర్పు పాకిస్తాన్‌లోని జమాల్‌పూర్‌ది. 1971 డిసెంబరులో ఆ పట్టణాన్ని చుట్టుముట్టిన మన బ్రిగేడియర్ హర్దిత్ సింగ్ క్లేర్, లోపలున్న పాకిస్తాన్ 31 బలూచ్ దళాధిపతి కర్నల్ సుల్తాన్ మహమూద్‌కు లొంగిపొమ్మని ఉత్తరం పంపాడు. జవాబుతోపాటు ఒక తూటా వచ్చింది. "మీకు బాగా చేతనైన ఆ కలానికి బదులు ఈసారి స్టెన్ గన్ పట్టుకుని కనిపిస్తారని ఆశిస్తాను" అన్నది ఆ జవాబు సారం. 10వ తేదీ రాత్రి వాళ్లు వలయం ఛేదించుకుని బయటపడటానికి ప్రయత్నించి చాలామందిని పోగొట్టుకున్నారు. 11న జమాల్‌పూర్ మనవాళ్ల చేతికొచ్చింది. ఉత్తరం రాసినవాడు గెలిచాడు, అయినా జనం చెప్పుకునేది మాత్రం జవాబు గురించే.

యుద్ధం అయిపోయిందని చెప్పినా కొందరు ఎందుకు నమ్మలేదు?

ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవిలో హిరూ ఒనోడా అనే జపాన్ లెఫ్టినెంట్‌కు 1945 చివర్లోనే "యుద్ధం ముగిసింది, కొండ దిగి రండి" అన్న కాగితం దొరికింది. ఆ తర్వాత జనరల్ యమషితా ఆదేశం అచ్చేసినవి పడ్డాయి. 1952లో ఇంటివాళ్ల ఉత్తరాలు, ఫొటోలు కూడా జారవిడిచారు. అతనూ తోటివాళ్లూ ప్రతిదాన్నీ పట్టి పట్టి చూసి శత్రువు ఎత్తే అని తేల్చుకున్నారు. చివరికి 1974 మార్చిలో అతని పాత అధికారి మేజర్ తనిగుచి స్వయంగా వెళ్లి ఆదేశం చదివితే గానీ తుపాకీ దించలేదు. ఏళ్ల తరబడి అన్ని సైన్యాలూ మాయ కాగితాలు వేస్తే చివరికి నిజమైన కాగితానికి పట్టిన గతి ఇది.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా?

కొందరు నిలబెట్టుకున్నారు. 1971 ఖైదీలు 1974 ఏప్రిల్ కల్లా తిరిగి వెళ్లిపోయారు. 1943 జనవరి 8న స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్లు జర్మన్ సేనాని పౌలస్‌కు పంపిన అల్టిమేటంలో ప్రాణరక్షణ, యుద్ధం తర్వాత స్వదేశానికి పంపడం ఉన్నాయి. అప్పుడు ఆయన ఒప్పుకోలేదు. నెల తిరగకుండానే పట్టుబడ్డ సుమారు 91 వేల మందిలో ఇల్లు చేరింది అయిదారు వేల మందే. ఆకలి, టైఫస్, చలి మిగతావాళ్లను మింగేశాయి. ఐసెన్‌హోవర్ సంతకం ఉన్న పాస్‌కూ మచ్చ ఉంది. 1945లో లక్షల మంది ఒక్కసారి చేతికి రావడంతో, చాలామందిని యుద్ధఖైదీలనకుండా "నిరాయుధ శత్రు బలగాలు" అన్న కొత్త పేరుతో లెక్కేసి, రైన్ నది ఒడ్డున ఆరుబయట ఉంచారు. పేరు మార్చేసరికి పాస్ వెనక అచ్చేసిన ఖైదీల హక్కులు వాళ్లకు వర్తించకుండా పోయాయి.

## ఇప్పుడు

డ్రోన్ల కాలంలో కూడా కరపత్రాలా?

కాగితం ఉంది, ఫోను కూడా చేరింది. ఉక్రెయిన్ 2022 సెప్టెంబరులో "బతకాలని ఉంది" అనే పేరుతో రష్యన్ సైనికుల కోసం ఒక హాట్‌లైన్ పెట్టింది. టెలిగ్రామ్‌లో ముందే మెసేజ్ పెట్టి, ఎక్కడికి రావాలో చెప్పించుకోవచ్చు. అయితే కాగితాన్ని ఎవరూ ట్రాక్ చేయలేరు, దానికి సిగ్నల్ అక్కర్లేదు.

అసలు పాసియర్‌షైన్ కొనాలని ఉంది, నకిలీని ఎలా గుర్తుపట్టాలి?

నేనే ఒకసారి మోసపోయాను కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర జెడ్‌జి 61 అని కొన్నాను. అంచులు మాసి, మధ్యలో మడత, చూడగానే మనసు పడింది. తెచ్చాక నోట్ల కౌంటింగ్ మెషీన్ ఉన్న స్నేహితుడి షాపులో నీలి లైటు కింద పెడితే తెల్లగా మెరిసింది. 1950లకు ముందు తయారైన కాగితంలో ఆ మెరుపునిచ్చే రసాయనం సాధారణంగా ఉండదు. ఆ మాసిన రంగు బహుశా టీ డికాక్షన్‌ది. భూతద్దంలో చూస్తే గీతలు కూడా తెగకుండా సాగలేదు, ఇప్పటి ప్రింటర్ చుక్కలు కనిపించాయి. అల్లిక గీతలు తెగకుండా ఉన్నాయా, నీలి లైటు కింద కాగితం మెరవకుండా ఉందా అన్న రెండూ చూశాకే డబ్బివ్వండి. నా దొంగ పాస్ ఇంకా ఫైల్లోనే ఉంది, మొదటి పేజీలో. వచ్చినవాళ్లు ముందుగా దాన్నే ఫొటో తీసుకుంటారు.